ప్రస్థానం సంచీ

తెనాలి నుంచి రేపల్లెకీ, రేపల్లె నుంచి తెనాలికీ పాసింజరు బండి వెనక పెట్టెలో కూర్చుని ఉద్యోగమంతా తిరిగిన మనిషి ఎంత దూరం వెళ్ళినట్టు? లెక్క వేస్తే భూగోళం చుట్టూ తిరిగి వచ్చినట్టే. కానీ ఎప్పుడు తల బయటపెట్టి చూసినా అదే వేమూరు, అదే జంపని, అవే వరిచేలు, అవే తాడిచెట్లు. అందుకే గార్డు సీతారామాంజనేయులు గారు రిటైరయిన రోజున, మెడలో దండ ఇంకా తీయకుండానే, భార్యతో అన్నారు.

"రత్నం, పట్టాలు అయిపోయిన చోటు దాటి వెళ్దాం."

పట్టాలు అయిపోయేది రేపల్లెలో. గంగరత్నం ఆ ఊరి పిల్లే. పట్టాలు అయిపోయాక ఏముంటుందో ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు. నీళ్ళు. కాలవ, కృష్ణ, ఆపైన సముద్రం. ఆ సముద్రానికి ఆవల ఏముందో కూడా ఆమె ఒక బొమ్మలో చూసింది.

రేపల్లెలో మేనమామ రైసుమిల్లు గదిలో గోడకి సయాం దేశపు క్యాలెండరు ఒకటి వేలాడుతూ ఉండేది. ఏళ్ళు గడిచినా దాన్ని ఎవరూ తీయలేదు. అందులో ఒక కాలవ. కాలవ నిండా చిన్న చిన్న పడవలు. ఒక్కో పడవలో ఒక్కో ఆడమనిషి, నెత్తిన వెడల్పాటి టోపీ, చేతిలో తెడ్డు, ముందు అరటిగెలలూ కూరగాయలూ. మగవాడన్నవాడు ఎక్కడా లేడు. సొంత పడవ, సొంత బేరం. ఆ బొమ్మ ముందు నిలబడి చూసి చూసి, అన్నానికి పిలిచినా వినిపించుకోని రోజులు గంగరత్నానికి ఇప్పటికీ గుర్తే. పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ కూతురికీ పెళ్ళయి బాపట్ల కాపరానికి వెళ్ళిపోయినా, ఆ కాలవ మాత్రం ఆమె మనసులో పారుతూనే ఉంది.

"సయాం వెళ్తామా?" అని అడిగింది.

"చివర్లో వెళ్దాం," అన్నారాయన. అప్పటికే అట్లాసు తెరిచి కూర్చున్నారు. మద్రాసులో ఓడెక్కి పెనాంగు, అక్కణ్ణించి సింగపూరు, జావా, బాలి, వెనక్కి మళ్ళీ సింగపూరు, అక్కడ రైలెక్కి సయాం, చివరికి పెనాంగు నుంచి ఓడలో మద్రాసు. మధ్యలో ఏ కంపెనీ వాళ్ళూ, ఏ యాత్రా బృందమూ లేరు. ఆయనా, ఆమే.

పాసుపోర్టులు చేతికి రావడానికే ఏడాది పట్టింది. డెబ్భై నాలుగు మాఘమాసంలో ప్రయాణం ఖాయమయ్యేసరికి తెనాలి మారీసుపేటలో వాళ్ళ వీధి వీధంతా వాళ్ళింట్లోనే ఉంది.

"ఏంటే రత్నం, వినేది నిజమేనా? ఓడెక్కి పోతన్నారంటగా? ఈ వయసులో హనీమూనా?" అంది ఎదురింటి పేరమ్మ పిన్ని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని.

"అప్పుడు డ్యూటీ ఉందన్నారు పిన్నీ. ఇప్పటికి సెలవు దొరికింది," అంది గంగరత్నం.

రేపల్లె నుంచి పొద్దున్న బండికే దిగిన అన్నయ్య వెంకట్రామయ్య ఊరుకోలేదు. "చూస్తుండండి బావగారూ, మా చెల్లెలు చీరాల దాటేలోపలే వెనక్కి తిరుగుతుంది. చిన్నప్పుడు పడవలో ఊరు దాటిస్తేనే ఏడ్చి గోల పెట్టింది."

"ఏడ్చింది ఎక్కించినందుకు కాదన్నయ్యా, దింపినందుకు."

అంతా నవ్వారు. అసలు చిక్కు అది కాదు. మద్రాసు మెయిలు తెనాలికి వచ్చే వేళ సరిగ్గా వర్జ్యంలో పడింది. గంగరత్నం తండ్రి బడిపంతులు. పంచాంగం చూడటం కూతురికి అక్షరాలతో పాటే నేర్పాడు. వర్జ్యంలో గడప దాటడమంటే ఆమెకి కుడికాలికి ఎడమ చెప్పు వేసుకున్నట్టు ఉంటుంది.

"మెయిలు నీ వర్జ్యం చూసుకుని రాదు రత్నం."

"రానక్కర్లేదండి. నేను ప్రస్థానం పెడతాను."

మంచి ఘడియలో మనిషి కదలలేకపోతే సామాను కదిలితే చాలు. ఒక గుడ్డసంచీలో గుప్పెడు బియ్యం, ఒక బట్ట వేసి, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా ముందే ఉంచి రావాలి. ప్రయాణమయ్యేటప్పుడు వెనక్కి ఇంటికి తేకుండా, దారిలో అది అందుకుని వెళ్ళిపోవాలి. సంచీ మంచి వేళకి బయల్దేరింది కనక మనిషీ బయల్దేరినట్టే. మద్రాసు దక్షిణం కనక గంగరత్నం ఆ సంచీని దక్షిణపు వీధిలో ఉన్న గంగాళాల కొట్టువారింట్లో పెట్టి వచ్చింది.

"సామాను ముందు, మనిషి వెనకానా? ఇదేం గూడ్సు బండా?" అని గార్డు గారు విసుక్కున్నారు. తర్వాత గొంతు మార్చి, గార్డు టోపీ నెత్తిన ఉన్నప్పుడు మాట్లాడినట్టు మాట్లాడారు. "ఒక్క మాట చెప్తున్నాను. పరాయి దేశంలో నీ సంచీ మూలంగా ఒక్క బండి గానీ, ఓడ గానీ, బస్సు గానీ తప్పిందా, సయాం లేదు. అట్నుంచి అటే ఇంటికి. సరేనా?"

"సరేనండి," అంది గంగరత్నం తడుముకోకుండా. కానీ ఆయన మాట ఎలాంటిదో ఆమెకి తెలుసు. ఉద్యోగంలో ఆయన మూలంగా బండి ఒక్కసారి ఆలస్యం కాలేదు. కూతురు శారద పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా, పీటల దగ్గర నిలబడి, "కానివ్వండి, కానివ్వండి, ఏడుపు బండిలో కానివ్వచ్చు," అని పురోహితుణ్ణి తొందరపెట్టిన మనిషి.

బాపట్ల స్టేషనులో శారద క్యారియరుతో పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, పైన పులిహోర, కింద గిన్నెలో పెరుగన్నం. అక్కడ పాముల్ని తింటారంటగా?"

"మనల్ని తినమన్నారటే?"

"నాన్నగారూ, అమ్మని ఎక్కడా వదిలేసి ఎక్కేయకండి."

"టైముకి వస్తే ఎందుకు వదిలేస్తాను?" అన్నారు గార్డు గారు గడియారం చూస్తూ. శారద కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

ఓడలో ఆయన పడకేశారు. నిలకడైన పట్టాల మీద బతికిన ఒంటికి అలల ఊపు పడలేదు. గంగరత్నానికి మాత్రం ఉయ్యాల ఎక్కినట్టుంది. ఆయనకి నిమ్మకాయ నీళ్ళిచ్చి, పడుకోబెట్టి, డెక్కు మీద తిరిగి అందరినీ పలకరించేది. పెనాంగు చేరేసరికి ఓడలో ఆమెకి తెలియని గుమ్మం లేదు.

పెనాంగు దగ్గర రబ్బరు తోటలో యలమంద గారని తెలుగాయన ఉన్నారు. గార్డు గారి బండి మీద పనిచేసిన ఫైర్‌మాన్‌కి పెదనాన్న కొడుకు. వాళ్ళింట్లో నాలుగు రోజులుండి బయల్దేరబోతే మళ్ళీ రాహుకాలం అడ్డొచ్చింది. గంగరత్నం సంచీ పట్టుకుని పక్కింటి చీనా ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ఒకరి మాట ఒకరికి రాదు. సంచీ గుమ్మం దగ్గర పెట్టి, చేతులతో ఏదో చెప్పి వచ్చింది. బస్సువేళకి వెళ్ళి అడిగితే ముసలమ్మ నవ్వుతూ తిరిగి ఇచ్చింది. అందులో ఎర్ర కాగితంలో చుట్టిన రెండు కమలాపళ్ళు ఉన్నాయి. బస్సు తప్పలేదు.

సింగపూరులో పూలు కట్టే తమిళావిడ ఇంట్లో సంచీ పెట్టారు. తీసుకోబోతే ఆవిడ గంగరత్నాన్ని కూర్చోబెట్టి జడనిండా కనకాంబరాలు పెట్టి పంపింది. జావాలో ఒక బడిపంతులు ఇంట్లో పెడితే, వాళ్ళింట్లో పెళ్ళి జరుగుతోంది. సంచీ తెచ్చిన వాళ్ళు చుట్టాలే అని విస్తరి ముందు కూర్చోబెట్టారు. గార్డు గారు గడియారం చూసుకుంటూనే రెండోసారి అన్నం వడ్డించుకున్నారు. అక్కడా రైలు తప్పలేదు. రైలు కదిలాక ఆయన కిటికీలోంచి చేయి ఊపుతూ, "మంచివాళ్ళు," అన్నారు.

బాలిలో దిగాక గంగరత్నం వరిచేలు చూసి గట్టుమీదే కూలబడిపోయింది. కొండ మీద నుంచి మెట్లు మెట్లుగా మడులు. ఒక మడిలో నాట్లు వేస్తున్నారు, పక్క మడిలో కోతలు కోస్తున్నారు, ఆ పక్కది పొట్టకొచ్చి ఉంది. "వీళ్ళకి కార్తె అనేది లేదాండి?" అంది. గార్డు గారు కూడా నోరు తెరిచే చూస్తున్నారు. "టైం టేబులే లేదు," అన్నారు. ఆ గొంతులో కోపం లేదని గంగరత్నం గమనించింది.

ఒక పల్లెలో వయాన్ అనే అతని లోగిట్లో గది తీసుకున్నారు. వయాన్ ఏదో హోటల్లో పనిచేసి వచ్చినవాడు, ఇంగ్లీషు వచ్చు. ఆ ఊళ్ళో మొదటి పిల్లలంతా వయాన్లే, రెండో వాళ్ళంతా మాదేలే. "మన పెద్దబ్బాయి, చిన్నబ్బాయి లాగానేగా," అంది గంగరత్నం. ఊరి పడమటి కొసన ఉన్న మాదే చెక్క బొమ్మలు చెక్కుతాడు. గార్డు గారు పొద్దున్నే అతని అరుగు మీదికి చేరి, కాఫీ తాగుతూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చునేవారు. ఏం మాట్లాడుకుంటారో దేవుడికే తెలియాలి.

తిరుగు ప్రయాణానికి బస్సు టిక్కెట్లు తెచ్చిన రోజున వయాన్ ఒక సంగతి చెప్పాడు. "ఎల్లుండి మధ్యాహ్నం బస్సు తప్పకూడదు సార్. ఆ మర్నాడు మా కొత్త సంవత్సరం. ఆ రోజు ద్వీపమంతా మౌనం. బస్సు లేదు, పొయ్యి వెలిగించం, ఇల్లు కదలం, మాట పైకి రాదు."

గంగరత్నం వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టుకుంది. ఎల్లుండి ఫాల్గుణ అమావాస్య. అంటే ఆ మర్నాడు ఉగాది. శకం ఏదని వయాన్‌ని అడిగితే పంచాంగంలో ఉన్న శకమే చెప్పాడు. సముద్రం ఇవతల కూడా తన తండ్రి లెక్కే నడుస్తోందని తెలిసి ఆమెకి ఒళ్ళు పులకరించింది.

కానీ అమావాస్య నాడు ప్రయాణం. పనికిరాదు. ప్రస్థానం పెట్టాల్సిందే. సంచీ చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు ఆలోచన వచ్చింది. పండగ ముందు రోజు ఊళ్ళో ఎవరు ఎక్కడుంటారో తెలియదు. ఇంటివాళ్ళు లేకపోతే? ఈ బస్సు తప్పితే జావాలో రైలు తప్పుతుంది, రైలు తప్పితే సింగపూరు ఓడ తప్పుతుంది. క్యాలెండరులో పడవలు మొదటిసారి చేతికందే దూరంలో ఉన్నాయి. 'నాన్నా, ఈ ఒక్కసారికి,' అనుకుని సంచీ మడిచి పెట్టేసింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర గార్డు గారే అడిగారు. "సంచీ పెట్టలేదేం?"

"ఈసారి అక్కర్లేదులెండి."

"అమావాస్య కదా?"

"అయితే అయింది."

ఆయన ఆమె వంక వింతగా చూసి, "ఊఁ," అన్నారు.

అమావాస్యనాటి పొద్దున్న సామాను కడుతూ గంగరత్నం వెతికిందే వెతుకుతోంది. "ఏమండీ, పాసుపోర్టులూ టిక్కెట్లూ ఉన్న తోలుసంచీ ఏది?"

గార్డు గారు గొంతు సవరించుకున్నారు. "అది ముందే వెళ్ళింది."

"ఎక్కడికి?"

"ప్రస్థానానికి."

గంగరత్నం చేతిలో చీర జారిపోయింది. "మీరు పెట్టారా? ప్రస్థానం? మీరు?"

"నువ్వు పెట్టలేదుగా. నిన్న పొద్దున్నే నీ పంచాంగం చూసి, మంచి వేళ అని రాసున్న చోట వేలు పెట్టి, మాదే ఇంట్లో ఇచ్చి వచ్చాను. వెళ్ళాల్సింది పడమరకేగా?"

"బియ్యం పెట్టాలండి. బట్ట పెట్టాలి. పాసుపోర్టులు పెడతారా ఎవరన్నా?"

"బియ్యం ముందు వెళ్ళి ఏం చేస్తుంది రత్నం? మనం కదలాలంటే కదలాల్సిందేదో అదే కదా ముందు కదలాలి? అందుకని ముఖ్యమైనదే పెట్టాను," అన్నారాయన, గార్డు పెట్టెలో విలువైన సరుకు పెట్టి తాళం వేసినంత ధీమాగా.

వయాన్‌ని వెంటబెట్టుకుని మాదే ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళారు. లోగిట్లో కోళ్ళు తప్ప ఎవరూ లేరు. ఎదురింటి ముసలాయన నాలుగు దార్ల కూడలి వైపు చేయి చూపించాడు. అక్కడ ఊరు ఊరంతా ఉంది. తెల్లని బట్టలు, తలపాగాలు, పొడుగాటి పసుపు గొడుగులు, కంచు గంటల మోత. మధ్యలో వెదురు మంచె. మంచె మీద పళ్ళ గోపురాలు, పూల తట్టలు, కొబ్బరాకుల బుట్టలు. వాటి నట్టనడుమ, పసుపు గుడ్డ చుట్టుకుని, నెత్తిన మందారంతో, గార్డు గారి తోలుసంచీ కూర్చుని ఉంది.

జనంలోంచి మాదే సంతోషంగా చేయి ఊపాడు. వయాన్ అడిగి వచ్చి చెప్పాడు. "మంచి వేళ చూసి తెచ్చిన సంచీ అని సార్ పంచాంగం తెరిచి చూపించారటగా? దేవుడి సంచీ అనుకున్నాడు. సంవత్సరాంతపు పూజలో అన్నిటితో పాటు దానికీ దీవెన ఉండాలని తెచ్చి పెట్టాడు. పూజ అయ్యాక ఇస్తారు."

"పూజ ఎప్పుడవుతుంది?"

వయాన్ ఎండ వైపు చూసి, చెట్ల నీడ వైపు చూశాడు.

బస్సు వచ్చిన చప్పుడు ఊరి చివర వినిపించింది. హారన్ మోగింది. వయాన్ పరిగెత్తాడు, డ్రైవర్ని కాస్త ఆగమనడానికి. పూజారి కళ్ళు మూసుకుని గంట వాయిస్తూ మంత్రం చదువుతున్నాడు. గార్డు గారు గడియారం చూశారు, మంచె చూశారు. ఒక అడుగు ముందుకేశారు. "నేనే వెళ్ళి మెల్లిగా తీసుకొస్తాను. ఎవరికీ తెలియదు."

గంగరత్నం ఆయన చేయి పట్టుకుంది. నలుగురిలో ఆయన చేయి పట్టుకోవడం ఆమెకి అదే మొదలు.

"వద్దండి."

"బస్సు పోతుంది."

"పోనివ్వండి. కలశం పెట్టి పూజ చేస్తుంటే మధ్యలో చేయి పెడతామా? శారద పెళ్ళిలో తొందరపెట్టారు. ఇక్కడ వద్దు."

"సయాం, రత్నం," అన్నారాయన నెమ్మదిగా.

"నాకు తెలుసు."

హారన్ ఇంకోసారి మోగింది. కాసేపటికి మరోసారి, దూరంగా. తర్వాత ఇంజను చప్పుడు కొండ దిగిపోయింది. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే పడవలు మళ్ళించుకుని వెళ్ళిపోతున్నట్టు అనిపించింది గంగరత్నానికి. అయినా ఆమె చేయి వదల్లేదు.

పూజ అయిపోయేసరికి పొద్దు వాలింది. సంచీని మాదే భార్య నెత్తిన పెట్టుకుని, వెనక గొడుగు పట్టించుకుని, మేళంతో వయాన్ ఇంటికి తీసుకొచ్చి ఇచ్చింది. తీసి చూస్తే పాసుపోర్టుల అంచులు తీర్థంతో తడిసి ఉన్నాయి. గార్డు గారి ఫోటో నుదుటిన ఒక బియ్యపు గింజ అంటుకుని ఉంది. గంగరత్నానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంతలో వీధిలో డప్పులు, డబ్బాలు, పళ్ళాలు మొదలయ్యాయి. పాత సంవత్సరపు పీడని చప్పుడు చేసి తరిమేస్తారట. ఇంటిల్లిపాదీ ఏది దొరికితే అది వాయిస్తున్నారు. వయాన్ తల్లి గంగరత్నం చేతిలో మూకుడూ గరిటా పెట్టింది. బస్సు తప్పిన దుఃఖమంతా దాని మీద చూపించిందామె. అరుగు మీద దిగులుగా కూర్చున్న గార్డు గారు కూడా ఇక ఆగలేక, పెట్టెలోంచి ఈల తీసి, బుగ్గలు పగిలేలా ఊదారు. వీధి మొత్తం తిరిగి చూసి చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఉగాది. లోకం నోరు మూసుకుంది. బండి లేదు, మనిషి లేడు, పొయ్యిలో పొగ లేదు. కుక్క కూడా అరవడానికి మొహమాటపడుతున్నట్టుంది. నలుపూ తెలుపూ గళ్ళ బట్ట కట్టుకున్న ఊరి కావలివాళ్ళు మాత్రం వీధిలో అడుగుల చప్పుడు కాకుండా తిరుగుతున్నారు.

ఉగాది పచ్చడికి పొయ్యి అక్కర్లేదు కదా. గంగరత్నం ముందు రోజు అంగట్లో దొరికిన పిందె మామిడికాయ తరిగి, చింతపండు పిసికి, తాటిబెల్లం కలిపింది. వేపపువ్వు ఎక్కణ్ణించి వస్తుంది? వయాన్ తల్లి బొప్పాయి పువ్వు తెచ్చి నాలిక బయటపెట్టి చూపించింది. నిజంగానే చేదు. పచ్చడి రుచి చూసి ముసలావిడ ముఖం చిట్లించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ చేయి చాపింది.

మిట్టమధ్యాహ్నం వసారాలో చాప మీద గార్డు గారి పక్కన గిన్నె పెట్టి గంగరత్నం కూర్చుంది. మాట్లాడాలంటే చెవి దగ్గర గుసగుసలే.

"ఇవాళ్టి నుంచి ఆనందనామ సంవత్సరం," అంది.

"కోపమా?" అన్నారాయన.

"ఎవరిమీద?"

"నా మీద."

"సయాం మీద మాత్రం లేదులెండి."

ఆయన పచ్చడి నాకి, గుటక వేసి, లెక్క చెప్పారు. ఈ ఓడ పోయింది. తర్వాతి ఓడ పట్టుకుని సింగపూరు చేరితే, అక్కణ్ణించి పెనాంగుకి ఉరుకులు పరుగుల మీద వెళ్ళి మద్రాసు ఓడెక్కడానికి సరిపోతుంది. సయాంకి రోజులు మిగలవు. "షరతూ ఉందిగా," అని నసిగారు.

"ఆ షరతు నా సంచీకండి. ఇది మీ సంచీ."

గార్డు గారు చాలాసేపు ఆలోచించారు, రూల్సు పుస్తకం తిరగేస్తున్నట్టు. "నిజమే. షరతు చెల్లదు," అని ఒప్పుకున్నారు. "కానీ రోజులు లేవు కదా."

"లేవు."

చూరు మీద ఉడత పరిగెత్తినా వినిపించేంత నిశ్శబ్దం.

"అసలెందుకు పెట్టారండి సంచీ? మీకు నమ్మకం లేదుగా."

"లేదు," అన్నారాయన. "కానీ చూడు, పెనాంగులో ఆ ముసలమ్మ, సింగపూరులో పూలావిడ, జావాలో పెళ్ళివారు. నీ సంచీ పెట్టిన ప్రతిచోటా మనకి ఒక ఇల్లు ఏర్పడింది. ఇక్కడ నువ్వు పెట్టనంటే, ఈ ఊరికి మనం ఏమీ కానట్టనిపించింది. మాదేకి మనం ఏమైనా అవ్వాలని ఉండింది. అంతే."

అంత పెద్ద మాట ఆయన నోట కాపరం మొత్తంలో విన్నట్టు గంగరత్నానికి గుర్తులేదు. గిన్నెలో మిగిలిన పచ్చడి ఆయన చేతిలో వేసింది.

ఆయన అది తినకుండా చేతిలోనే పట్టుకుని, వీధి వంక చూస్తూ కూర్చున్నారు. తెనాలిలో ఆయన ఇంతసేపు ఊరికే కూర్చోవడం ఆమె ఎరగదు. ఉన్నట్టుండి చెవి దగ్గరికి వంగారు.

"మద్రాసు ఓడ వెళ్ళనీ."

"ఏంటి?"

"మనం లేకుండా వెళ్ళనీ. ఉద్యోగమంతా బండి కదిలిందంటే అందులో నేను ఉండాల్సిందే. నేను లేకుండా ఒక్కటైనా వెళ్తే ఎలా ఉంటుందో చూద్దామని ఉంది. టిక్కెట్లు తర్వాతి ఓడకి మార్చుకుందాం. మనం సయాం వెళ్దాం."

గంగరత్నానికి నోట మాట రాలేదు. రాకపోవడమే ఆ రోజుకి మర్యాద కూడా. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, "మరి శారద కంగారు పడుతుందేమోనండి. ఓడరేవుకి అల్లుణ్ణి పంపిస్తానంది," అంది.

"టెలిగ్రాం ఇద్దాం."

"ఏమని?"

గార్డు గారు ఎంతో గంభీరంగా, ఆమె చెవిలో అన్నారు. "గార్డు లేటు, అని."

గంగరత్నం నవ్వింది. చెంగు నోట్లో కుక్కుకుంది గానీ లాభం లేకపోయింది. రేపల్లె కాలవ గట్టున పిల్లలు నవ్వే నవ్వు అది. ఆ మౌనంలో పళ్ళెం జారిపడ్డట్టు ఖంగుమంది. గుమ్మం దగ్గర కావలివాడు ప్రత్యక్షమయ్యాడు. పెదాల మీద వేలు పెట్టి, కనుబొమలు ముడిచాడు. గార్డు గారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, భార్య వైపు చూపించి, తనకేమీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. దాంతో ఆమెకి నవ్వు ఇంకా ఎక్కువైంది. లోపలి గదిలోంచి వయాన్ తల్లి దిండులో ముఖం పెట్టుకుని కిసకిసలాడటం వినిపించింది. కావలివాడి మీసాలు కూడా కదిలాయి. కష్టం మీద ముఖం బిగించుకుని, అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కాస్త దూరం వెళ్ళాక అతని భుజాలు అదరడం ఇద్దరూ చూశారు.

నవ్వు సర్దుకున్నాక గార్డు గారు మళ్ళీ చాప మీద కూర్చుని, గుసగుసగా అడిగారు. "అక్కడ పడవ అద్దెకిస్తారంటావా?"

"ఎందుకివ్వరు?"

"నువ్వే తెడ్డు వేస్తావా?"

"నేనే వేస్తాను. మీరు మధ్యలో కదలకుండా కూర్చుంటే చాలు."

"ఎంతసేపు?"

"కూరగాయలన్నీ అమ్ముడయ్యేదాకా," అంది గంగరత్నం.